ఫోనులో పోపుల డబ్బా

మార్చి 31 అంటే ఏమిటో మన బ్యాంకు కుటుంబాలకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు మనం ఇంటికి ఎన్నింటికి వస్తామని ఎవరూ అడగరు. ఫోను చేస్తే విసుక్కుంటామని పిల్లలకు కూడా తెలుసు. మా ఇంట్లో ఈ నియమాన్ని అందరికంటే గట్టిగా పాటించేది మా నాన్న. మొన్న మార్చి 31న ఆ నియమమే మా కొంప ముంచబోయింది. జరిగింది మీకు చెప్పి, దాని నుంచి నేను నేర్చుకున్న పాఠం మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

నాన్న గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. అమ్మకు షుగరు ఎక్కువ కావడంతో రెండేళ్ళుగా ఇద్దరూ హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటున్నారు. ఫోనులో డబ్బు చెల్లించడం ఆయనకు నేనే నేర్పాను. క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చెయ్యడం, అంకె కొట్టడం, పిన్ నొక్కడం. అంతే. సరిగ్గా పనిచేస్తే ఏం జరుగుతుందో చెప్పాను కానీ, పనిచెయ్యకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు.

ఆ సాయంత్రం అమ్మకు ఇన్సులిన్ అయిపోయింది. నాన్న మందుల షాపుకు వెళ్ళి 1,380 రూపాయలు ఫోనులో చెల్లించారు. ఖాతాలో డబ్బు తగ్గినట్టు మెసేజీ వచ్చింది. కానీ షాపులో సౌండ్ బాక్స్ మోగలేదు. పావుగంట నిలబడ్డారు. షాపతను, "నాకు చేరలేదండీ, నేనేం చెయ్యను" అన్నాడు. జేబులో చూస్తే ఇరవై రూపాయలున్నాయి. మందు అక్కడే వదిలేసి ఇంటికొచ్చారు. "మన ఊళ్ళో అయితే మాస్టారని ఖాతా పుస్తకంలో రాసుకుని ఇచ్చేవాళ్ళమ్మా. ఇక్కడ నేనెవరో ఎవరికి తెలుసు?" అని తరవాత నాతో అన్నారు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అమ్మతో ఆ సంగతి చెప్పడానికి మనసొప్పక "షాపు మూసేశారు, కాసేపాగి వెళ్తాను" అన్నారట. నాకు ఫోను చేద్దామనుకుని, మార్చి 31 అని గుర్తొచ్చి మానేశారు. ఫోనులోనే 'కస్టమర్ కేర్' అని వెతికి, కనబడిన నంబరుకు ఫోను చేశారు. అవతలివాడు చక్కటి తెలుగులో, "కంగారు పడకండి సార్, అయిదు నిమిషాల్లో మీ డబ్బు వాపసు ఇప్పిస్తాను" అన్నాడు. ఒక లింకు పంపి, అందులోని యాప్ వేసుకోమన్నాడు. నాన్న వేసుకోబోయారు. ఎక్కలేదు, ఫోనులో ఖాళీ లేదు! రోజూ వచ్చే శుభోదయం బొమ్మలతో నిండిపోయి ఉంది. "కొన్ని ఫోటోలు తీసెయ్యండి సార్, నేను లైన్లోనే ఉంటాను" అన్నాడు వాడు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క బొమ్మే తీసేస్తూ కూర్చున్నారు.

ఎనిమిదిన్నరకు మా అబ్బాయి కాలేజీ నుంచి వచ్చి, "ఎందుకు తాతయ్యా అన్నీ డిలీట్ చేస్తున్నావ్?" అని అడిగాడు. విషయం వినగానే ఫోను లాక్కుని కట్ చేశాడు. అప్పటికి అమ్మకు అంతా తెలిసిపోయింది. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా వంటింట్లోకి వెళ్ళి, పోపుల డబ్బా అడుగు నుంచి మూడు అయిదువందల నోట్లు తీసి మనవడి చేతిలో పెట్టింది. పది నిమిషాల్లో ఇన్సులిన్ ఇంటికొచ్చింది.

నేను ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. విన్నాక కాళ్ళలో సత్తువ పోయింది. ఆగిపోయింది 1,380 రూపాయలే. అది ఎక్కడికీ పోదని నాకు తెలుసు. కానీ ఆ యాప్ ఎక్కి ఉంటే, నాన్న ఫోను తెర అవతలివాడికి కనబడేది. పెన్షను, రిటైర్మెంటు సొమ్ములో మిగిలినది, అంతా ఆ ఒక్క ఖాతాలోనే ఉంది.

డబ్బు ఎక్కడ ఆగింది?

ఆ ఆదివారం నాన్న నన్ను కూర్చోబెట్టి, "నా ఖాతాలో తగ్గింది, అతని ఖాతాలో చేరలేదు. మధ్యలో ఎక్కడుంది? లెక్క చెప్పు" అన్నారు. కౌంటర్లో ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. "సర్వర్ ప్రాబ్లం అండీ, వచ్చేస్తుంది" అని పంపించేసేదాన్ని. లెక్కల మాస్టారి దగ్గర ఆ జవాబు చెల్లలేదు.

మనియార్డరుతో పోల్చి చెప్పాను. మనం పోస్టాఫీసులో కట్టిన నోట్లే సంచీలో ఊరికి వెళ్ళేవి కాదు. వెళ్ళేది ఫారం. అక్కడి పోస్టుమాను అక్కడి సొమ్ములోంచి ఇచ్చేవాడు. యూపీఐ కూడా అంతే. 2016లో మొదలైన ఈ పద్ధతిని నడిపేది భారత జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్‌పీసీఐ. మన యాప్ నుంచి బయలుదేరిన సందేశం ఎన్‌పీసీఐకి వెళ్తుంది. అది మన బ్యాంకును 'ఈ ఖాతాలో ఇంత తగ్గించు' అంటుంది. తగ్గించామని జవాబు రాగానే దుకాణదారు బ్యాంకును 'ఈ ఖాతాలో ఇంత వెయ్యి' అంటుంది. వేశామన్న జవాబు వెనక్కి వచ్చాక మన తెర మీద పచ్చ టిక్కు పడుతుంది. బ్యాంకులు తమలో తాము అసలు సొమ్ము సర్దుకునేది తరవాత, రోజులో కొన్ని విడతలుగా.

ఇన్ని చేతులు మారే సందేశానికి ఒక్క చోట జవాబు ఆలస్యమైనా చిక్కే. రద్దీ ఎక్కువగా ఉన్న వేళ ఏ ఒక్క బ్యాంకు కంప్యూటరు సకాలంలో బదులు పలకకపోయినా, ఇక్కడ తగ్గుతుంది, అక్కడ చేరదు. 2023 ఆగస్టులోనే యూపీఐ లావాదేవీలు నెలకు వెయ్యి కోట్లు దాటాయి. నాన్న అక్కడికక్కడే కాగితం మీద భాగించి, సగటున సెకనుకు దాదాపు నాలుగు వేలని తేల్చారు. "అన్నిట్లో నాదొకటి ఆగిందన్నమాట" అన్నారు. కోపం కొంచెం తగ్గింది.

అయిదు రోజులు, వంద రూపాయలు

"ఆగితే ఆగింది, ఎప్పుడిస్తారు?" అన్నది రెండో ప్రశ్న. దీనికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న స్పష్టమైన నియమాలు ఇచ్చింది. అవి అదే ఏడాది అక్టోబరు 15 నుంచి అమల్లో ఉన్నాయి. మన ఇళ్ళలో అందరూ గుర్తుంచుకోవలసినవి ఇవి:

ఒక వ్యక్తికి యూపీఐలో పంపిన డబ్బు మన ఖాతాలో తగ్గి అవతల జమ కాకపోతే, లావాదేవీ జరిగిన మర్నాటికల్లా తిరిగి రావాలి.

దుకాణంలో చెల్లించినప్పుడు మన ఖాతాలో తగ్గి, దుకాణానికి ఖరారు కాకపోతే, అయిదు రోజుల్లోగా తిరిగి రావాలి.

ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గితే, అదీ అయిదు రోజుల్లోగా.

గడువు దాటితే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం. ఖాతాదారు ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా, దాన్ని బ్యాంకే తనంతట తాను జమ చెయ్యాలి.

ఈ రోజుల లెక్క క్యాలెండరు ప్రకారమే. మధ్యలో సెలవులొస్తే గడువు పెరగదు. నాన్న చెల్లించింది మార్చి 31న కాబట్టి, ఏప్రిల్ 5 దాకా గడువు. డబ్బు ఏప్రిల్ 3నే వెనక్కి వచ్చింది. ఎవరికీ ఫోను చెయ్యకుండా, ఏ యాపూ వేసుకోకుండా ఊరికే ఉన్నా వచ్చేది. ఈ ఒక్క ముక్క నాన్నకు ముందే తెలిసి ఉంటే ఆ సాయంత్రం ఆయన ఆ నంబరు వెతికేవారే కాదు.

మోసగాళ్ళ పని సాగేది ఈ సందులోనే. డబ్బు ఆగినప్పుడు కలిగే కంగారే వాళ్ళ పెట్టుబడి. ఇంటర్నెట్‌లో దొరికే 'కస్టమర్ కేర్' నంబర్లలో వాళ్ళు పెట్టినవీ ఉంటాయి. నంబరు ఎప్పుడూ మన డెబిట్ కార్డు వెనక నుంచో, పాస్‌బుక్కు నుంచో, యాప్ లోపల నుంచో తీసుకోవాలి. ఇంకొక్క మాట. యూపీఐ పిన్ డబ్బు ఇవ్వడానికే. పుచ్చుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. 'డబ్బు వాపసు రావాలంటే పిన్ కొట్టండి' అన్నవాడు దొంగ.

మనవడి వాదన

ఇదంతా వింటున్న మా అబ్బాయి మధ్యలో అందుకున్నాడు. బీటెక్ మూడో సంవత్సరం. "ఇన్ని చేతులు ఎందుకమ్మా? మధ్యలో బ్యాంకే లేకపోతే ఆగే ప్రశ్నే రాదు. అందుకే డిజిటల్ కరెన్సీ" అన్నాడు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న 20 వేలతో బిట్‌కాయిన్ కొనాలని వాడి కోరిక. స్నేహితులు ఇద్దరు ఇప్పటికే కొన్నారట. బ్యాంకు ఉద్యోగిని కదా, వెంటనే 'వద్దు' అనబోయాను. కానీ మొన్న తాతయ్యను కాపాడింది వాడే. కాబట్టి వాడి మాట పూర్తిగా విన్నాను.

వాడు చెప్పినదాంట్లో నిజముంది. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో ఎవరో ఒక పత్రం బయటపెట్టారు. ఇద్దరు మనుషులు మధ్యలో ఏ ఆర్థిక సంస్థా లేకుండా, ఇంటర్నెట్ మీద నేరుగా డబ్బు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అందులో ఉంది. 2009 జనవరి 3న ఆ గొలుసులో మొదటి లంకె పడింది. లావాదేవీల పుస్తకం ఒక్క బ్యాంకు దగ్గర కాకుండా ప్రపంచమంతటా వేల కంప్యూటర్లలో ఉంటుంది. మొత్తం నాణేలు 2.1 కోట్లకు మించవు. బ్యాంకుల మీద నమ్మకం సడలిన సంవత్సరంలో పుట్టిన ఆలోచన అది. చెల్లింపు మధ్యలో ఆగిపోయి షాపులో తలదించుకుని నిలబడ్డ ఎవరికైనా అది నచ్చుతుంది.

తరవాత నాన్న ప్రశ్నలు మొదలుపెట్టారు. "సెకనుకు ఎన్ని?" సుమారు ఏడు. 2023 ఆగస్టులోనే యూపీఐ సగటున దాదాపు నాలుగు వేలు చేసినచోట, అది ఏడు. ఒక్కో లంకె పడడానికి దాదాపు పది నిమిషాలు. మందుల షాపులో పావుగంట నిలబడ్డదానికే విసుగొచ్చింది కదా!

"ధర?" 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ దాదాపు 69 వేల డాలర్ల దాకా వెళ్ళి, ఏడాది తిరిగేసరికి 17 వేల కిందకు పడింది. తరవాత మళ్ళీ పెరిగింది, అది వేరే సంగతి. "నాలుగింట మూడు వంతులు పోయింది. దానితో మీ అమ్మమ్మకి ఇన్సులిన్ కొనాలంటే నెలనెలా లెక్క మారుతుందిరా" అన్నారు నాన్న.

చట్టం సంగతి నేను చెప్పాను. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, క్రిప్టో వ్యాపారానికి సేవలు అందించవద్దని బ్యాంకులను ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కాబట్టి కొనడం నేరం కాదు. కానీ అది మన దేశంలో చెల్లుబాటయ్యే ద్రవ్యమూ కాదు. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉంది. ఒకదాంట్లో నష్టం వస్తే ఇంకోదాని లాభంలో తగ్గించుకునే వీలు కూడా లేదు.

నాన్న చివరి ప్రశ్న ఇది. "నా 1,380 ఆగితే అడగడానికి బ్యాంకుంది, పైన రిజర్వు బ్యాంకుంది. అందులో తప్పు నంబరుకు పంపినా, తాళం లాంటి ఆ రహస్య సంకేతం పోగొట్టుకున్నా ఎవర్ని అడగాలి?"

"ఎవరూ ఉండరు తాతయ్యా. అదే దాని ప్రత్యేకత" అన్నాడు వాడు. అన్నాక వాడే ఒక క్షణం ఆలోచనలో పడ్డాడు.

అమ్మమ్మ డబ్బా

అప్పటిదాకా బీన్స్ వలుస్తూ కూర్చున్న అమ్మ, "మీ గొడవ అంతా దేనికి? ఆ రోజు పని జరిగింది నా డబ్బాతో" అంది. ఆ మాటలో పెద్ద ఆర్థిక శాస్త్రమే ఉంది.

ఖాతాలో ఉన్న నిల్వ నిజానికి మన చేతిలోని డబ్బు కాదు. బ్యాంకు మనకు ఇవ్వవలసిన బాకీ. ఆ బాకీని ఇంకొకరికి మార్చడానికి ఇన్ని సందేశాలు కావాలి. అందుకు ప్రతిగా వడ్డీ వస్తుంది. ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల రూపాయల దాకా బీమా ఉంటుంది. పోపుల డబ్బాలోని నోటు అలా కాదు. దాని మీద ఉన్నది రిజర్వు బ్యాంకు గవర్నరు హామీ. చేతులు మారిన క్షణంలోనే చెల్లింపు పూర్తయిపోతుంది. వడ్డీ రాదు. ఆ నోటును ఫోనులో పెట్టుకోగలిగితే?

అదే ఈ-రూపీ. 2022 ఫిబ్రవరి బడ్జెట్లో దీన్ని ప్రకటించారు. నోటు అంటే డిజిటల్ రూపంలో ఉన్నది కూడా అని రిజర్వు బ్యాంకు చట్టాన్ని సవరించారు. సామాన్యుల కోసం ప్రయోగాత్మకంగా 2022 డిసెంబరు 1న ముంబై, న్యూఢిల్లీ, బెంగళూరు, భువనేశ్వర్‌లలో మొదలుపెట్టారు. తరవాత చేర్చిన నగరాల్లో మన హైదరాబాద్ కూడా ఉంది. ఇది క్రిప్టో కాదు. విలువ ఎప్పుడూ ఒక్క రూపాయికి ఒక్క రూపాయే. నోట్లు, నాణేల విలువల్లోనే ఉంటుంది. ఇచ్చేది రిజర్వు బ్యాంకు, పంచేది బ్యాంకులు. బ్యాంకు ఇచ్చే వాలెట్ యాప్‌లోకి ఖాతా నుంచి నింపుకోవచ్చు, తిరిగి ఖాతాలో వేసుకోవచ్చు. వడ్డీ రాదు. ఫోనులో పోపుల డబ్బా అన్నమాట!

మా అబ్బాయి ఉత్సాహంగా 500 రూపాయలు నింపి కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కొన్నాడు. యూపీఐ క్యూఆర్‌కే చెల్లింది. అయితే గొప్పలు చెప్పి ఊరుకోకూడదు కదా. ఒక ఈ-రూపీ వాలెట్ నుంచి ఇంకో ఈ-రూపీ వాలెట్‌కు వెళ్తేనే అది చేతిలో నోటు పెట్టినట్టు. యూపీఐ క్యూఆర్‌కు చెల్లిస్తే, వాలెట్ లేని దుకాణదారుకు చివరికి జమయ్యేది బ్యాంకు ఖాతాలోనే. ఆ దారిలో పాత చిక్కులు పూర్తిగా పోవు. ఫోను చార్జింగు అయిపోతే ఏ డబ్బా అయినా తెరుచుకోదు. నెట్‌వర్కు లేనిచోట కూడా పనిచేసే సదుపాయం తెస్తామని రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. మారుమూల ఊళ్ళకు నిజంగా కావలసింది అదే.

కాబట్టి నేను తేల్చుకున్నది ఇది. వేగం ఇచ్చేవి చాలా వస్తాయి. ఆగిపోయినప్పుడు 'నేనున్నాను' అని జవాబు చెప్పేవాళ్ళు ఉన్నదే డబ్బుగా వాడుకోవడానికి పనికొస్తుంది. యూపీఐకి ఆ జవాబుదారీ రాతపూర్వకంగా ఉంది. ఈ-రూపీకి ఉంది. బిట్‌కాయిన్‌కు లేదు. మా అబ్బాయి తన 20 వేలు ఏం చేస్తాడో వాడి ఇష్టానికే వదిలేశాను. ప్రస్తుతానికి రికరింగ్ డిపాజిట్ గురించి అడుగుతున్నాడు.

కానీ జవాబుదారీ కాగితం మీద ఉంటే చాలదు. అది ఇంట్లోవాళ్ళకు తెలియాలి. రోజుకు యాభై మంది ఖాతాదారులకు చెప్పే మనం, మన అమ్మానాన్నలకు ఎప్పుడు చెప్పాం? నేను చెప్పలేదు. అందుకే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపుకు లోపలివైపు అంటించాను. మీకూ పనికొస్తుందేమో చూడండి.

1. డబ్బు తగ్గి చేరకపోతే కంగారు వద్దు. 'పెండింగ్' అని ఉంటే వెంటనే రెండోసారి చెల్లించవద్దు. అత్యవసరమైతే నోట్లు ఇవ్వండి.

2. లావాదేవీ వివరాల్లో ఉండే 12 అంకెల రెఫరెన్సు నంబరు రాసుకోండి.

3. మనిషికి పంపితే మర్నాటిదాకా, దుకాణానికైతే అయిదు రోజులు చూడండి. రాకపోతే యాప్‌లో ఆ లావాదేవీ మీదే ఫిర్యాదు నమోదు చేసి, బ్యాంకు శాఖలో చెప్పండి.

4. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే, లేదా జవాబు సరిగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు. సమాచారానికి 14448.

5. నంబరు ఇంటర్నెట్‌లో వెతకవద్దు. ఎవరో చెప్పిన యాప్ వేసుకోవద్దు. మోసపోతే వెంటనే 1930కి ఫోను చెయ్యండి.

6. ఫోను కవరులో ఎప్పుడూ రెండు అయిదువందల నోట్లు ఉంచుకోండి.

ఆరోది అమ్మ చేర్పించింది. మర్నాడు చూస్తే ఆ కాగితం అడుగున, నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రటి దస్తూరీతో నాన్న ఏడోది రాసి, సంతకం కోసం నాకు జాగా వదిలారు. "మార్చి 31న కూడా ఫోను చెయ్యవచ్చు."

సంతకం పెట్టాను.